ఐర్లండ్ అంతర్యుద్ధం: ఆడవాళ్ల కథ 1921 దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

1925లో మార్గరెట్ స్కినిడర్ ఐర్లండ్ ప్రభుత్వానికి పింఛను కోసం దరఖాస్తు పెట్టుకుంది. స్కాట్లండ్‌లో పుట్టి పెరిగిన లెక్కల టీచరు ఆమె. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగినప్పుడు సముద్రం దాటి వచ్చి తుపాకి పట్టింది. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పోరులో ఆమె ఒంట్లో మూడు తూటాలు దిగాయి. గాయపడ్డ సైనికులకు పింఛను ఇవ్వడానికి 1923లో చేసిన చట్టం కిందే ఆమె అడిగింది. చట్టంలో సైనికుడు అన్నది మగవాళ్లకే వర్తిస్తుందని ప్రభుత్వ న్యాయ సలహాదారు అభిప్రాయం ఇచ్చాడు. దరఖాస్తు తిరస్కరించారు. చివరికి ఆమెకు పింఛను మంజూరైంది 1938లో.

ఆ తిరస్కరణ వెనక పైకి చెప్పని సంగతి ఇంకొకటుంది. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మీద 1922లో మొదలైన అంతర్యుద్ధంలో స్కినిడర్ ఒప్పందాన్ని వ్యతిరేకించి ఓడిపోయిన పక్షం మనిషి. ఆ సేనకు డబ్బు లెక్కలు చూసింది, పట్టుబడి జైలుకు వెళ్లింది. పింఛను ఇవ్వాల్సింది గెలిచిన పక్షం. ఆడదని కాదన్నారా, శత్రువని కాదన్నారా? ఈ రెండు కారణాలనూ విడదీయడం కష్టం. అంతర్యుద్ధాన్ని ఐర్లండ్ ఎలా గుర్తు పెట్టుకుంది, ఎలా మరిచిపోయింది అన్నది తెలియాలంటే పట్టుకోవాల్సిన ముడి కూడా ఇదే.

ఆ యుద్ధం గురించి ఐర్లండ్ దశాబ్దాలపాటు మాట్లాడలేదన్నది అందరూ చెప్పే మాట. పట్టలేని దుఃఖం వల్ల మౌనం దానంతటదే కమ్ముకుందని మనం అనుకుంటాం. దుఃఖం ఉంది, నిజమే. అయితే ఆ మౌనంలో పెద్ద భాగాన్ని చట్టాలు, దరఖాస్తు ఫారాలు, రికార్డుల ఆఫీసులు పనిగట్టుకుని కట్టాయి. ఎక్కడిదాకా గుర్తుంచుకోవాలో ఒక గీత గీశారు. ఆ గీతకు అవతల పడిపోయినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. మిగతా అన్ని విషయాల్లో ఒకరినొకరు చంపుకునేదాకా వెళ్లిన రెండు పక్షాలూ ఆడవాళ్లను ఇంటికి పంపే విషయంలో మాత్రం ఒక్కటయ్యాయి.

ఆరుగురు ఆడవాళ్లు, ఆరు ఓట్లు

1916 తిరుగుబాటు నాటి ప్రకటన ఐర్లండ్ పురుషులనూ స్త్రీలనూ ఇద్దరినీ ఉద్దేశించి మొదలవుతుంది. పౌరులందరికీ సమాన హక్కులు, సమాన అవకాశాలు ఇస్తామంటుంది. స్త్రీలూ పురుషులూ కలిసి ఎన్నుకునే ప్రభుత్వం వస్తుందంటుంది. ఆ కాలానికి అది చిన్న మాట కాదు. కింద సంతకం చేసిన ఏడుగురూ మగవాళ్లే అయినా, 1914లో ఏర్పడ్డ స్త్రీల సంస్థ కుమన్ న మాన్ సభ్యులు దాన్ని తమకు ఇచ్చిన వాగ్దానంగానే తీసుకున్నారు. తిరుగుబాటులో ఉపసేనానిగా నిలిచిన కాన్‌స్టన్స్ మార్కివిచ్‌కు పడ్డ మరణశిక్షను ఆడమనిషన్న కారణంతోనే యావజ్జీవంగా మార్చారు. 1918లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొదటి స్త్రీ ఆమే. ఆ సభకు వెళ్లకుండా డబ్లిన్‌లో ఏర్పడ్డ ఐర్లండ్ సభ డాయిల్‌లో చేరి, 1919లో కార్మిక మంత్రి అయింది.

1919 నుంచి 1921 జులై దాకా గెరిల్లా యుద్ధం నడిచింది. తరువాత సంప్రదింపులు మొదలై, 1921 డిసెంబర్ 6న లండన్‌లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఐర్లండ్‌లోని 26 జిల్లాలకు స్వపరిపాలన వస్తుంది, కానీ దేశం బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటుంది. సభ్యులు రాజుకు విశ్వాసంగా ఉంటామని ప్రమాణం చెయ్యాలి. ఉత్తరాన ఆరు జిల్లాలు విడిగా ఉండిపోతాయి. మైకేల్ కాలిన్స్ వర్గం దీన్ని మెట్టుగా చూసింది, ఈమన్ డి వలేరా వర్గం ద్రోహంగా చూసింది. 1922 జనవరి 7న డాయిల్‌లో 64–57 ఓట్లతో ఒప్పందం నెగ్గింది. సభలో ఉన్న ఆరుగురు స్త్రీలూ దానికి వ్యతిరేకంగానే ఓటు వేశారు.

ఆ ఆరు ఓట్లకు అప్పుడే ఒక వ్యాఖ్యానం తయారైంది: పాపం, భర్తల్నీ బిడ్డల్నీ పోగొట్టుకున్నవాళ్లు, కడుపుమంట, ఆలోచించే స్థితిలో లేరు. పోగొట్టుకున్న మాట నిజమే. క్యాథ్లీన్ క్లార్క్ భర్తనూ తమ్ముడినీ 1916లో కాల్చి చంపారు. మార్గరెట్ పియర్స్ ఇద్దరు కొడుకులనూ అలాగే చంపారు. మేరీ మెక్‌స్వీనీ తమ్ముడు 1920లో 74 రోజులు నిరాహారదీక్ష చేసి బ్రిటిష్ జైల్లో ప్రాణం వదిలాడు. కేట్ ఓకాలహన్ భర్తను 1921లో లిమరిక్‌లోని సొంత ఇంట్లోనే కాల్చారు. కానీ ఓకాలహన్ సభలో లేచి ఈ వ్యాఖ్యానాన్నే నిలదీసింది. వ్యక్తిగత నష్టం వల్ల మనసు వికలమై ఇక్కడ ఏ స్త్రీ ఓటు వెయ్యడం లేదని, ఆడవాళ్లు ఈ రాజకీయాన్ని ఏళ్లుగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారని చెప్పింది. మానసిక వైద్యురాలైన ఏడా ఇంగ్లిష్ ఇంకా సూటిగా మాట్లాడింది. తన అభిప్రాయానికి కారణంగా చూపి ఎత్తిపొడవడానికి తనకు చనిపోయిన మగవాళ్లెవరూ లేరంది. ఇంత స్పష్టంగా చెప్పినా ‘ఏడుపు ఓట్లు’ అన్న ముద్ర చెరగలేదు. సోదరుల్ని, సహచరుల్ని పోగొట్టుకున్న మగ సభ్యులు కూడా ఆ సభలో ఉన్నారు. వాళ్ల ఓటును మాత్రం అభిప్రాయమనే అన్నారు.

ఫిబ్రవరిలో కుమన్ న మాన్ సమావేశం 419–63 ఓట్లతో ఒప్పందాన్ని తోసిపుచ్చింది. అలా చేసిన మొదటి జాతీయవాద సంస్థ అదే. ఒప్పందాన్ని సమర్థించిన స్త్రీలు కూడా గట్టివాళ్లే. సంస్థ స్థాపకుల్లో ఒకరైన జెన్నీ వైజ్ పవర్ వాళ్లలో ఉంది. వాళ్లు విడిపోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. స్త్రీలంతా ఒకవైపే ఉన్నారనడం కూడా ఆ కాలం సృష్టించిన కట్టుకథే.

ఒక నెల తిరక్కుండానే మరో ఓటింగు జరిగింది. దాని గురించి ఎక్కువగా ఎవరూ చెప్పరు. అప్పటికి 30 ఏళ్లు దాటిన స్త్రీలకే, అదీ ఆస్తి అర్హతతో ఓటుండేది. మగవాళ్లకు 21 ఏళ్లకే ఉండేది. ఒప్పందంపై ప్రజలు ఓటు వెయ్యబోతున్నారు కాబట్టి 21 దాటిన స్త్రీలకూ ఓటివ్వాలని 1922 మార్చి 2న ఓకాలహన్ తీర్మానం పెట్టింది. ఇది ఒప్పందాన్ని చెడగొట్టే ఎత్తుగడ అని ప్రభుత్వ పక్షం అనుమానించింది. 47–38తో తీర్మానం ఓడిపోయింది. జూన్ ఎన్నికల్లో యుద్ధంలో పనిచేసిన యువతులెవరికీ ఓటు లేదు. ఆ డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం సమాన ఓటు హక్కు ఇచ్చింది. అప్పటికి తేల్చాల్సిన విషయాన్ని తుపాకులు తేలుస్తున్నాయి.

ఈ సందర్భంలో మదనపల్లెను తలుచుకోవాలి. 1908లో డబ్లిన్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం హన్నా షీహీ-స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ స్థాపించి, కిటికీలు పగలగొట్టి జైలుకెళ్లిన మార్గరెట్ కజిన్స్ 1915లో భర్తతో కలిసి మన దేశం వచ్చింది. ఆయన మదనపల్లె కాలేజీలో చెప్పే రోజుల్లోనే, 1919లో, టాగోర్ పాడగా విని ‘జనగణమన’ను ఆమె స్వరలిపిలో పెట్టిన సంగతి రాయలసీమలో చాలామందికి తెలుసు. 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపకుల్లోనూ ఆమె ఒకరు. ఆ సంస్థ కూడా అడిగిన మీదట మద్రాసు రాజధానిలో 1921లో, మగవాళ్లకున్న ఆస్తి అర్హతలతోనే అయినా, స్త్రీలకు ఓటొచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో ఆమె వదిలి వచ్చిన డబ్లిన్‌లో, స్వాతంత్ర్య యోధుల సభ తమ ఆడవాళ్లకు సమాన ఓటును వాయిదా వేసింది.

అన్నదమ్ముల పోరు అంటే మిగిలేదేమిటి

1922 జూన్ 28న, ఒప్పందాన్ని సమర్థించిన ప్రభుత్వపు సైన్యం బ్రిటిష్‌వాళ్ల దగ్గర తెచ్చుకున్న ఫిరంగులతో డబ్లిన్‌లో ఒప్పంద వ్యతిరేకులు పట్టుకున్న ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవనాన్ని కొట్టడంతో అంతర్యుద్ధం మొదలైంది. మూడో రోజున ఆ ఆవరణలోని ప్రభుత్వ రికార్డుల భాండాగారం కాలిపోయింది. శతాబ్దాల జనాభా లెక్కలు, వీలునామాలు, కోర్టు పత్రాలు బూడిదయ్యాయి. 1923 మే 24న ఆయుధాలు దాచెయ్యమని ఓడిన పక్షం ఉత్తర్వు ఇచ్చేనాటికి సుమారు 1,500 మంది చనిపోయారు. ప్రభుత్వం 77 మందిని శిక్షగా కాల్చి చంపిందన్నది స్థిరపడ్డ లెక్క. పరిశోధకులు 81 దాకా లెక్కించారు.

ఈ యుద్ధాన్ని ఎప్పుడు చెప్పినా ఒక సంఘటనతో చెబుతారు. మంత్రి కెవిన్ ఓహిగిన్స్ పెళ్లిలో తోడు పెళ్లికొడుకుగా నిలబడింది, తరువాత ఒప్పంద వ్యతిరేక పక్షంలో నాయకుడైన రోరీ ఓకానర్. ఏడాది గడిచాక, 1922 డిసెంబర్ 8న, ఆ ఓకానర్‌ను కాల్చి చంపే నిర్ణయంలో ఓహిగిన్స్ పాలుపంచుకున్నాడు. గుండె పిండే కథే. అన్న తమ్ముడి మీద తుపాకి ఎత్తాడు, స్నేహితుడు స్నేహితుణ్ణి చంపాడు అన్న ఈ చట్రంలో ఐర్లండ్ దుఃఖం ఒదిగిపోయింది. కానీ ఈ చట్రంలో ఆడవాళ్లకు మిగిలే పాత్ర ఏడ్చే తల్లి, ఏడ్చే భార్య. నిజానికి జరిగింది అది కాదు. దాక్కునే చోట్లు తగ్గిపోయిన వ్యతిరేక పక్షం ఆడవాళ్ల మీద ఇంతకుముందుకన్నా ఎక్కువగా ఆధారపడింది. కబుర్లు మోసింది, తుపాకులు దాచింది, ఇళ్లలో ఆశ్రయమిచ్చింది, కరపత్రాలు అచ్చువేసి పంచింది, జైళ్ల బయట ధర్నాలు చేసింది వాళ్లే. బ్రిటిష్ ప్రభుత్వం 1919–21 యుద్ధంలో జైల్లో పెట్టిన స్త్రీలు కొద్ది పదుల మంది. స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం ఏడాదిలో 600 మందికి పైగా స్త్రీలను మౌంట్‌జాయ్, కిల్‌మేనమ్, నార్త్ డబ్లిన్ యూనియన్ జైళ్లలో నింపింది.

కిల్‌మేనమ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. గ్రేస్ గిఫర్డ్ అనే చిత్రకారిణి 1916 మే 3 రాత్రి ఆ జైలు ప్రార్థనామందిరంలోనే జోసెఫ్ ప్లంకెట్‌ను పెళ్లాడింది. కొద్ది గంటల తరువాత బ్రిటిష్ సైనికులు అతన్ని కాల్చి చంపారు. ఏడేళ్లకు, 1923లో, ఆమె అదే జైల్లో ఖైదీ. ఈసారి ఖైదు చేసింది తన దేశ ప్రభుత్వం. తన గది గోడ మీద ఆమె గీసిన మేరీమాత బొమ్మ చూడటానికి ఇవాళ పర్యాటకులు వస్తారు. ఆ ఏడాది ఏప్రిల్ 30న నిరాహారదీక్షలో ఉన్న మేరీ మెక్‌స్వీనీని విడుదల చేసేదాకా జైలు మారేది లేదని ఆడఖైదీలు భీష్మించుకున్నారు. మెట్ల మీదుగా ఒక్కొక్కరినీ ఈడ్చుకుంటూ దించారు. ఆ రాత్రి సంగతులు వాళ్లే రాసిపెట్టారు. గోడల మీద పేర్లు చెక్కారు. ఒకరి ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఒకరు పద్యాలు రాసుకున్నారు. ఐర్లండ్ ఆడవాళ్లు మౌనంగా ఉండిపోయారని ఎవరన్నా అంటే ఆ గోడల్ని చూపించాలి. వాళ్లు మాట్లాడారు. వాళ్ల మాటను దాచిపెట్టే చోటు లేకుండా పోయింది, అంతే.

గెలిచినవాళ్లకు యుద్ధానికి ఒక కారణం కావాల్సి వచ్చింది. అది వాళ్లకు ఆడవాళ్లలో దొరికింది. పియానో మీద వేళ్లు తిప్పడం నేర్చుకుంటూనో, అమ్మకు ఇత్తడి సామాను తోమిపెడుతూనో ఉండాల్సిన ఉన్మాద యువతులని ఓహిగిన్స్ వ్యతిరేక పక్షపు స్త్రీలను ఎద్దేవా చేశాడు. ప్రభుత్వాధినేత కాస్‌గ్రేవ్ విధ్వంసంలో ఆనందం వెతుక్కునే ఆడవాళ్లని అన్నాడు. 1924లో పి.ఎస్. ఓహెగర్టీ అనే ప్రభుత్వ అధికారి వాళ్లను గ్రీకు పురాణాల్లోని పగదేవతలతో పోల్చుతూ, రాజకీయాల్లోకి వచ్చి ఆడతనం పోగొట్టుకున్నారని రాశాడు. ఈ తిట్లను అప్పటి మగవాళ్ల సహజ ధోరణి అని కొట్టిపారెయ్యడం తేలిక. నాకైతే అవి అంతకన్నా పనికొచ్చే సరుకుగా కనబడతాయి. మొన్నటి సహచరుణ్ణి గోడకు నిలబెట్టి కాల్చినవాళ్లకు ఆ మనిషిలో దుర్మార్గం చూడటం కష్టం. పిచ్చెక్కిన ఆడవాళ్లు రెచ్చగొట్టారనుకుంటే చంపినవాడి గౌరవమూ దక్కుతుంది, చచ్చినవాడి గౌరవమూ దక్కుతుంది. పైగా ఆడవాళ్లను ప్రజాజీవితం నుంచి తప్పించడానికి అదే కారణంగా పనికొచ్చింది.

చెప్పుకోలేని గాయాలు

ఐర్లండ్ యుద్ధాల్లో ఆడవాళ్ల మీద లైంగిక హింస దాదాపు లేదని చాలాకాలం గర్వంగా చెప్పుకున్నారు. గత పదిహేనేళ్ల పరిశోధనతో ఆ మాట చెల్లడం లేదు. 1919–21లోనే బ్రిటిష్ దళాలూ, ఐరిష్ గెరిల్లాలూ అవతలి పక్షంతో సంబంధముందని అనుమానించిన ఆడవాళ్ల జుట్టు బలవంతంగా కత్తిరించారు. అంతర్యుద్ధంలో అంతకన్నా ఘోరాలు జరిగాయి. 1922 జూన్‌లో టిప్పరేరీ జిల్లా డ్రోమినీర్‌లో ఒక ప్రొటెస్టెంట్ ఇల్లాలిపై ఒప్పందాన్ని వ్యతిరేకించే దళంవాళ్లు అత్యాచారం చేశారు. 1923 మే నెలలో మేయో జిల్లాలో కుమన్ న మాన్ సభ్యురాలు ఒకామెపై ప్రభుత్వ సైనికులు అదే ఘోరానికి పాల్పడ్డారు. ఆమె 1928లో పిచ్చాసుపత్రిలో చనిపోయింది. రెండు పక్షాల్లో ఏ ఒక్కరికీ చేతులు శుభ్రంగా లేవు.

1923 జూన్ మొదట్లో కెర్రీ జిల్లా కెన్‌మేర్‌లో జరిగింది అన్నిటికన్నా బాగా నమోదైన సంఘటన. అర్ధరాత్రి ప్రభుత్వ సైన్యాధికారులు కొందరు ఒక డాక్టరు ఇంటికెళ్లి, ఆయన కూతుళ్లను తోటలోకి ఈడ్చి, బెల్టులతో కొట్టి, జుట్టుకు యంత్రాలకు వాడే గ్రీజు పూశారు. వేలు కెర్రీ సేనాధిపతి పాడీ ఓడేలీ వైపే చూపించింది. అంతకు మూడు నెలల ముందు బ్యాలీసీడీలో ఖైదీలను మందుపాతర చుట్టూ కట్టి పేల్చిన దళం కూడా ఆయన కిందిదే. ఆడవాళ్లను ఉన్మాదులన్న ఓహిగిన్సే ఇక్కడ సైనిక విచారణ జరపాలని పట్టుబట్టాడు. రక్షణమంత్రి రిచర్డ్ మల్‌కాహీ ఒప్పుకోలేదు. యుద్ధం గెలిపించిన సేనాధిపతిని బోనెక్కిస్తే సైన్యం పరువేమవుతుందన్న లెక్క ముందుకొచ్చింది. కేసు అక్కడే పాతిపెట్టారు.

బ్యాలీసీడీలో చనిపోయిన ఎనిమిది మందికి స్మారకం ఉంది, పాటలున్నాయి, ఏటా దండలు పడతాయి. కెన్‌మేర్ అమ్మాయిలకు అలాంటిదేమీ లేదు. చంపబడ్డ మగవాడు అమరుడవుతాడు. అవమానపడ్డ ఆడమనిషిని ఏం చెయ్యాలో ఏ పక్షం జ్ఞాపకానికీ తెలియలేదు. మనవాళ్లే చేశారంటే మన వీరులకు మచ్చ, అవతలివాళ్లు చేశారంటే మన ఇంటికి తలవంపు. బయట పెట్టడం వల్ల లాభపడేవాళ్లు ఎవరూ లేకపోవడంతో విషయం ఇళ్లలోనే ఆగిపోయింది.

గీత ఎవరు గీశారు

1924 నాటి మొదటి సైనిక సేవా పింఛను చట్టం ప్రభుత్వ సైన్యంలో చేరిన పాత యోధులకే వర్తించింది. ఓడిన పక్షమూ, దాదాపు ఆడవాళ్లందరూ బయటే. 1932లో డి వలేరా పార్టీ ఫియనా ఫాల్ ఎన్నికల్లో గెలిచి అధికారంలోకి వచ్చింది. 1934లో కొత్త చట్టం తెచ్చి, ఓడిన పక్షాన్నీ కుమన్ న మాన్ సభ్యుల్నీ చేర్చింది. అయితే ఎ నుంచి ఇ దాకా ఉన్న ఐదు శ్రేణుల్లో ఆడవాళ్లకు చివరి రెండే, డి, ఇ మాత్రమే. ఎంత చేసినా అంతకు మించి ఇవ్వరు. దానికైనా, ఈమె నిజంగా పనిచేసిందని సాధారణంగా ఒక మగ అధికారి ధ్రువీకరించాలి. నెలల తరబడి పారిపోయిన మనుషులకు వండిపెట్టి, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచి, ఇల్లు సోదా చేస్తే నిలబడి జవాబు చెప్పిన ఆడమనిషిది ‘క్రియాశీల సేవ’ అవుతుందా కాదా అని ఆఫీసువాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు పంపారు. మొత్తం మీద ఆడా మగా కలిపి 80 వేలకు పైగా దరఖాస్తు చేస్తే, నెగ్గినవాళ్లు ఐదింట ఒక వంతు కూడా లేరు.

1947లో ప్రభుత్వం సైనిక చరిత్ర విభాగమొకటి పెట్టి, స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్నవాళ్ల వాంగ్మూలాలు సేకరించింది. పదేళ్లలో 1,773 వాంగ్మూలాలు వచ్చాయి. వాటిలో స్త్రీలవి పదింట ఒక వంతు కన్నా తక్కువ. ఈ సేకరణకు పెట్టుకున్న హద్దు 1921 జులై, అంటే బ్రిటన్‌తో కాల్పుల విరమణ నెల. అంతర్యుద్ధం ప్రస్తావన వస్తే పాత గాయాలు రేగుతాయని అంతకు ముందే ఆపేశారు. ఆ తరువాత అన్నిటినీ తాళం వేసి, 2003లో గాని జనానికి తెరవలేదు.

కిల్‌మేనమ్ జైలు కథ ఇంతకన్నా ఆశ్చర్యం. 1924లో మూతపడి శిథిలమైన ఆ కట్టడాన్ని 1960లో స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచెయ్యడానికి పూనుకున్నారు. వాళ్లలో రెండు పక్షాల మనుషులూ ఉన్నారు. కొట్టుకోకుండా కలిసి ఇటుకలు మొయ్యాలంటే అంతర్యుద్ధం ఊసెత్తకూడదని తీర్మానించుకున్నారు. వాళ్ల మంచితనాన్ని నేను శంకించను. ఆ నియమం వల్లే ఆ జైలు నిలబడింది. 1966లో దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి డి వలేరా. 1924లో ఆ జైలు నుంచి విడుదలైన ఆఖరి ఖైదీ కూడా ఆయనేనని చెబుతారు. కానీ ఈ నియమం ఎవరి మీద పడిందో చూడండి. 1916 వీరులు నిలిచారు. 1922 నవంబర్‌లో అదే జైల్లో స్వదేశ ప్రభుత్వం కాల్చి చంపిన నలుగురు కుర్రవాళ్లు పక్కకు తప్పుకున్నారు. వందల మంది ఆడఖైదీలు దాదాపు పూర్తిగా మాయమయ్యారు. ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది జైలుకొచ్చిందే 1923లో. 1921 దగ్గర ఆపుదామన్నప్పుడు ఆడవాళ్లను వదిలేద్దామని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

రెండు పక్షాలూ కలిసినచోటు

1923 ఆగస్టు ఎన్నికల్లో ఐదుగురు స్త్రీలు గెలిచారు. నలుగురు వ్యతిరేక పక్షంవాళ్లు, రాజుకు ప్రమాణం చెయ్యబోమంటూ సభకు వెళ్లలేదు. కూర్చున్న ఒక్కామె, మార్గరెట్ కాలిన్స్-ఓడ్రిస్కల్, చనిపోయిన మైకేల్ కాలిన్స్ అక్క. ఆ తరువాత దశాబ్దాలపాటు సభకొచ్చిన స్త్రీలలో చాలామంది ఎవరో ఒక నాయకుడి విధవో, అక్కో, కూతురో. జ్ఞాపకాన్ని మోసే మనిషిగా వస్తే ఆడదానికి చోటుంది, సొంత రాజకీయంతో వస్తే లేదు. 1919లో మార్కివిచ్ మంత్రి అయ్యాక ఐర్లండ్ మంత్రివర్గంలో మరో స్త్రీ కనబడింది 1979లో.

చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆడవాళ్లను పెద్ద ఉద్యోగాల పోటీ పరీక్షలకు దూరంగా ఉంచే బిల్లును 1925లో ప్రభుత్వ పక్షం తెచ్చింది. ఒప్పందాన్ని సమర్థించిన జెన్నీ వైజ్ పవరే సెనేట్‌లో దాన్ని గట్టిగా ఎదిరించింది. 1927లో ఓహిగిన్స్ ఆడవాళ్లను జ్యూరీల నుంచి తప్పించాడు, తామంతట తాము పేరిచ్చుకుంటే తప్ప పిలవరు. అది 1970ల మధ్యదాకా సాగింది. 1932లో ప్రభుత్వం మారింది, ఓడినవాళ్లు గద్దెనెక్కారు. ఆడవాళ్లకు మాత్రం ఏమీ మారలేదు. పెళ్లైతే ప్రభుత్వోద్యోగం వదిలెయ్యాలన్న నిబంధన 1973 దాకా నడిచింది. 1935లో గర్భనిరోధక సాధనాల అమ్మకాన్ని నిషేధించారు, 1936లో ఆడవాళ్లను కొన్ని పరిశ్రమల నుంచి తప్పించే అధికారం మంత్రికిచ్చారు. చర్చి ప్రభావం ఉంది, నిరుద్యోగం ఉంది, కాదనను. అవి యూరప్‌లో చాలాచోట్ల ఉన్నవే. ఐర్లండ్ ప్రత్యేకత ఏమిటంటే, ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీలకు ఇది వాదన లేని విషయమైంది.

1937లో డి వలేరా రాసిన కొత్త రాజ్యాంగంలో 41.2 అధికరణం వచ్చింది. ఇంట్లో తన జీవితం ద్వారా స్త్రీ రాజ్యానికి అందించే ఆసరా లేనిదే ప్రజాశ్రేయస్సు సాధ్యం కాదని అది గుర్తిస్తుంది. ఆర్థిక అవసరం వల్ల తల్లులు ఇంటి బాధ్యతలు వదిలి పనికెళ్లే పరిస్థితి రాకుండా చూడటానికి రాజ్యం ప్రయత్నిస్తుందంటుంది. 1922 రాజ్యాంగంలో ఉన్న ‘స్త్రీపురుష భేదం లేకుండా’ అన్న మాటలను ముసాయిదాలో తీసేశారు. ఆడవాళ్లు గొడవ చేశాక తిరిగి పెట్టారు.

ఆ గొడవ చేసినవాళ్లలో డోరతీ మకార్డల్ ఉంది. అంతర్యుద్ధంలో కిల్‌మేనమ్‌లో ఖైదు అనుభవించింది. బ్యాలీసీడీతో సహా కెర్రీ హత్యలను 1924లోనే సాక్ష్యాలతో రాసి అచ్చు వేయించింది. 1937లో ఆమె రాసిన గణతంత్ర పోరాట చరిత్ర వెయ్యి పేజీలతో డి వలేరా ముందుమాటతో వెలువడింది. ఓడిన పక్షం తన కథ చెప్పుకోవడానికి ఆధారపడింది ఆ పుస్తకం మీదే. అదే ఏడాది ఆమె డి వలేరాకు ఉత్తరం రాస్తూ, స్త్రీల హక్కులను నమ్మేవాళ్లెవరూ ఈ రాజ్యాంగాన్ని సమర్థించలేరంది. క్యాథ్లీన్ క్లార్క్ సొంత పార్టీ ముసాయిదానే విమర్శించింది. హన్నా షీహీ-స్కెఫింగ్టన్ 1916 ప్రకటనను చూపించి నిలదీసింది. ఎవరి కోసం జైళ్లకు వెళ్లారో ఆయన చేతిలోనే వాళ్లు ఓడిపోయారు.

ఈ చరిత్ర మొత్తం ఒక్క ఆవరణలో ఇమిడిన చోటు గాల్వే జిల్లా ట్యూమ్. 1923 ఏప్రిల్ 11న అక్కడి పాత పేదల శరణాలయం (వర్క్‌హౌస్) ఆవరణలో ప్రభుత్వం వ్యతిరేక పక్షపు కుర్రాళ్లు ఆరుగురిని కాల్చి చంపింది. 1925లో అదే భవనంలో బాన్ సెకూర్ సన్యాసినులు పెళ్లికాని తల్లుల కోసం ఒక హోమ్ తెరిచారు. 1961లో మూసేదాకా అక్కడ చనిపోయిన పిల్లలు 796 మంది. స్థానిక చరిత్రకారిణి క్యాథరిన్ కార్లెస్ మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటి తీసి లెక్క తేల్చింది. వాళ్లలో దాదాపు ఎవరికీ శ్మశానంలో సమాధి దొరకలేదు. కాల్చివేతకు గురైన యువకుల గుర్తుగా సన్యాసినులు శిలువ నిలబెట్టారు. పిల్లల అస్థికలు నేలకింద గదుల్లో ఉన్నాయని 2017లో తేలింది. తవ్వకం 2025 జులైలో మొదలైంది. గణతంత్రం పేరున చచ్చిన మగవాళ్లకు గుర్తు పెట్టడం ఆ సమాజానికి తెలుసు. ఆ ఆవరణలోనే బిడ్డల్ని కన్న తల్లులతో పని చేయించుకుని, బిడ్డల్ని వాళ్ల నుంచి వేరు చేసి పంపేశారు, ఆ తల్లులకు పేరు కూడా మిగల్చలేదు.

ఫైళ్లు తెరిచాక

పరిస్థితి మారింది పింఛను ఫైళ్ల వల్లే. ఆడవాళ్లను అవమానించిన ఆ కాగితాలే ఇప్పుడు వాళ్ల చరిత్రకు అన్నిటికన్నా పెద్ద ఆధారం. సైనిక చరిత్ర విభాగం 1921 జులై దగ్గర ఆగిపోయింది కదా, పింఛను చట్టం మాత్రం 1923 సెప్టెంబర్ 30 దాకా చేసిన సేవ గురించి అడిగింది. డబ్బు కావాలంటే అంతర్యుద్ధం గురించి రాయక తప్పదు. అందుకని వేలమంది స్త్రీలు రాశారు: ఏ రాత్రి ఏ ఇంటికి ఏ తుపాకి మోశారో, ఏ జైల్లో ఎన్నాళ్లున్నారో, నిరాహారదీక్ష తరువాత ఒళ్లు ఎలా చెడిందో, నిద్రపట్టని జబ్బు ఎప్పుడు మొదలైందో. 2014 నుంచి ఈ ఫైళ్లను విడతలవారీగా ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. ఊళ్లలో మనవలు నానమ్మ పేరు కొట్టి వెతికితే ఇంట్లో ఎవరూ చెప్పని సంగతి బయటపడుతోంది.

రాజకీయంగా 2020 జూన్‌లో ఒక అధ్యాయం ముగిసింది. అంతర్యుద్ధంలోని రెండు పక్షాలకు వారసులైన ఫియనా ఫాల్, ఫినె గేల్ పార్టీలు మొదటిసారి కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. దాదాపు వందేళ్ల వైరం ముగిసిందని పత్రికలు రాశాయి. ఆ ప్రభుత్వమే 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, 41.2 అధికరణాన్ని తీసేసి దాని స్థానంలో కుటుంబంలో ఒకరినొకరు చూసుకునే సేవను గుర్తించే వాక్యం పెట్టాలని ప్రజల ముందుంచింది. దాదాపు 74 శాతం వద్దన్నారు. వద్దన్నవాళ్లంతా ఆడవాళ్లు ఇంట్లో ఉండాలనేవాళ్లు కాదు. వికలాంగుల హక్కుల కార్యకర్తలు, మంచాన పడ్డ పిల్లల్ని ఏళ్లుగా చూసుకుంటున్న తల్లులు చాలామంది, కొత్త వాక్యం ప్రభుత్వాన్ని దేనికీ కట్టిపడెయ్యదనీ సేవ భారమంతా తిరిగి కుటుంబం నెత్తినే పెడుతుందనీ వ్యతిరేకించారు. ఆ తిరస్కరణతో, క్లార్క్, మకార్డల్, షీహీ-స్కెఫింగ్టన్ కొట్టేయమన్న వాక్యాలు 1937లో రాసినవి రాసినట్టే ఇవాళ్టికీ రాజ్యాంగంలో అమల్లో ఉన్నాయి.